రోలీపోలీ కోసం చర్చి యాత్ర

హోరెస్ బికర్‌డైక్‌కి అరవయ్యో ఏట ఉన్నట్టుండి పాత చర్చిల మీద మక్కువ పుట్టిందంటే మీరు నమ్ముతారా? ఆయన భార్య మేవిస్ కూడా నమ్మలేదు. పెళ్ళినాడు చర్చిలోకి తీసుకెళ్ళడానికే ఇద్దరు స్నేహితులు చెరో రెక్కా పట్టుకోవలసి వచ్చిన మనిషి ఆయన. అలాంటిది, ఈసారి సెలవులకి సముద్రం వద్దు, డార్బీషైర్ పల్లెల్లో చర్చిలు చూద్దాం అన్నాడు.

"డాక్టరు మళ్ళీ ఏమైనా అన్నాడా?" అని ఆవిడ అనుమానంగా అడిగింది.

"కొత్తగా ఏముంది? తీపి ముట్టొద్దన్నాడు. శరీరం సంగతి నువ్వు చూసుకుంటున్నావు, ఆత్మ సంగతి నేను చూసుకుందామని."

హల్ పట్నంలో ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషికి దారి పటం చూస్తే ఏ మలుపులో ఏముందో తెలియకపోదు. ఆయన ఎంచిన ప్రతి చర్చికీ కూతవేటు దూరంలో ఒక మిఠాయి దుకాణం ఉంది. మేవిస్ లోపల రంగు అద్దాలు చూస్తూ ఉంటుంది, తను సమాధుల మీద రాతలు చదువుతానని చెప్పి వెనక గేటులోంచి జారుకుంటాడు. ఇదీ పథకం.

ఇవన్నీ పైపై రుచులే. ఆయన మనసు మాత్రం జామ్ రోలీపోలీ మీద ఉంది. కొవ్వు కలిపిన పిండిని పరిచి, జామ్ పూసి, చాప చుట్టినట్టు చుట్టి, గుడ్డలో మూటగట్టి ఉడికించేది వాళ్ళమ్మ. గుడ్డ దొరక్కపోతే వాళ్ళ నాన్న పాత చొక్కా చేతిని కత్తిరించి అందులో దూర్చేది. పైన వేడి కస్టర్డ్ పోసి, అది మీగడ కట్టేదాకా ఆగమనేది. అమ్మ పోయాక మళ్ళీ అలాంటిది ఆయన నోటికి అందలేదు. కొట్లలో దొరికేది ఓవెన్‌లో కాల్చిన సరుకు. దాన్ని చూస్తే ఆయనకి అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చేది. చచ్చేలోగా ఒక్క గిన్నెడు చాలనుకునేవాడు.

మొదటిరోజు బేక్‌వెల్‌లో పథకం పాలు పొంగినట్టు పొంగింది. బాదం పుడ్డింగు ఒకటి అక్కడే లాగించి, రెండు కోటు జేబులో వేసుకుని, పరుగున వచ్చి ఒక సమాధి ముందు భక్తిగా నిలబడ్డాడు.

"మీసం మీద ఏమిటది?" అంది మేవిస్.

"సున్నం. పాత రాళ్ళు కదా, రాలుతోంది."

ఆవిడ వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. "ఈ ఊళ్ళో సున్నంలో బాదం కలుపుతారు కాబోలు," అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. హోరెస్ గండం గడిచిందనుకున్నాడు.

బుధవారానికల్లా కోటు జేబులు మిఠాయి కొట్టులా తయారయ్యాయి. అల్లం రొట్టె, ఎండుద్రాక్ష కూరిన ఎకిల్స్ కేకులు, వెన్న మిఠాయి, పాకం టార్టు. వంగితే చొక్కా గుండీ ఊడుతోంది. ఇంత వేడిలో కోటెందుకని మేవిస్ అడిగితే చర్చిల్లో చలని చెప్పాడు. మీరు లోపలికి ఎప్పుడు వచ్చారని ఆవిడ అడగనే అడిగింది. దానికాయన తుమ్ము తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రమే ఒక దుకాణంలో గల్లాపెట్టె దగ్గరున్న ముసలావిడ మాటల్లో మాటగా ఒక కబురు చెప్పింది. నెదర్ థ్వెయిట్ అనే పల్లెలో చర్చి ఆడవాళ్ళు ఏటా ఒకసారి జామ్ రోలీపోలీ వండుతారట. అదీ గుడ్డలో ఉడికించింది. రేపు గురువారమే. నెదర్ థ్వెయిట్ చర్చిలో నార్మన్ల కాలంలో బాప్తిస్మాలిచ్చిన రాతి తొట్టి ఉందనీ, అది చూడకపోతే జన్మ వ్యర్థమనీ రాత్రి భోజనం దగ్గర హోరెస్ భార్యకి గట్టిగా చెప్పాడు.

మర్నాడు మేవిస్ తొట్టి చూడ్డానికి లోపలికి వెళ్ళగానే ఆయన గోడ దాటాడు. పక్కనే ఊరి హాలు. దాని ముందు పాతికమంది వరుసలో ఉన్నారు. వెతకాల్సిన పనే లేదు.

ఇంగ్లాండులో పుట్టినవాడికి వరుస కనబడితే కాళ్ళు వాటంతటవే వెళ్ళి చివర నిలబడతాయి. ఇది దేనికని అడగడం మర్యాద కాదు. అడిగితే ముందుకి దూరడానికి చూస్తున్నాడనుకుంటారు. ముందున్నావిడ వాన వచ్చేలా ఉందంది, హోరెస్ అవునన్నాడు. కాసేపటికి వెనకున్నాయన వాన రాకపోవచ్చన్నాడు, దానికీ అవునన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు.

గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అందరూ బూట్లు విప్పుతున్నారు. కొత్త తివాచీ కాబోలని ఆయనా విప్పాడు. ఒకావిడ చెవి దుద్దులు తీసింది, ఇంకొకాయన బెల్టు తీసి మెడలో వేసుకున్నాడు. కడుపు నిండా తినడానికి వీళ్ళు బాగా సిద్ధపడి వచ్చారని హోరెస్ మెచ్చుకుని, తనూ బెల్టు ఒక చిల్లు వదులు చేసుకున్నాడు.

ముందున్నావిడ పక్కకి తప్పుకుంది. ఎదురుగా గిన్నె లేదు, గరిటె లేదు. బరువు తూచే యంత్రం ఉంది. దాని పక్కన పొడుగ్గా, సన్నగా ఒకావిడ ఉంది. ఊరి బరువు తగ్గించుకునే సంఘానికి పెద్ద, పేరు మిసెస్ హెప్‌వర్త్.

పొరపాటైందని చెప్పి తిరిగిపోవచ్చు. కానీ తన వంతు వచ్చాక, అంతమంది చూస్తుండగా, వరుస వదిలి వెళ్ళడమా? దానికన్నా ఉరి నయమనిపించింది ఆయనకి.

"కొత్తవారా? సంతోషం. కోటు తీసెయ్యండి. జేబుల్లో బరువైనవి ఉంటే ఈ బల్ల మీద పెట్టండి," అంది మిసెస్ హెప్‌వర్త్.

హోరెస్ మెల్లగా ఒక బాదం పుడ్డింగు తీసి పెట్టాడు. ఆవిడ చూస్తూనే ఉంది. రెండోది పెట్టాడు. తర్వాత అల్లం రొట్టె, ఎకిల్స్ కేకులు, వెన్న మిఠాయి పొట్లం, కాస్త నలిగిన పాకం టార్టు. ఉడికించిన క్యాబేజీ మీద నెలల తరబడి బతుకుతున్న జనం గుటకలు మింగడం హాలంతా వినబడుతోంది.

"అది బేక్‌వెల్‌దేనా?" అంది ఒకావిడ నీరసంగా.

అంతే. ఎవరూ తోసుకోలేదు, వాళ్ళకది అలవాటు లేదు. యంత్రం ముందున్న వరుస పద్ధతిగా మెలిక తిరిగి బల్ల ముందుకి వచ్చింది. మిసెస్ హెప్‌వర్త్ ఈల ఊదింది, బతిమాలింది, చార్టు చూపించింది. బెల్టు మెడలో వేసుకున్నాయన వెన్న మిఠాయి చప్పరిస్తూ ఏడ్చేశాడు. చివరికి మిసెస్ హెప్‌వర్త్ కూడా అటూ ఇటూ చూసి వరుస చివర నిలబడింది. హోరెస్ మాత్రం యంత్రం మీదే ఉన్నాడు, దిగమని ఎవరూ చెప్పలేదు మరి. ముల్లు పదిహేడు రాళ్ళు, అంటే మన లెక్కలో నూట ఎనిమిది కిలోలు, దాటి ఊగుతోంది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో మేవిస్ ప్రత్యక్షమైంది. ఆవిడ గడ్డం మీద పసుపుపచ్చగా ఏదో అంటుకుని ఉంది.

హోరెస్ బూట్లు తొడుక్కునేలోగా మేవిస్ మిసెస్ హెప్‌వర్త్‌తో ఏదో మాట్లాడి వచ్చింది, ఇద్దరూ కారెక్కారు.

"ఆ గడ్డం మీద..." అన్నాడు హోరెస్.

"కస్టర్డ్. గురువారాలు హాలు ఈ బరువువాళ్ళకి ఇస్తారట. అందుకని రోలీపోలీ చర్చిలోనే పెట్టారు, మీ రాతి తొట్టి పక్కనే. మీరు లోపలికి వచ్చుంటే తగిలి పడేవారు."

"నాకొకటి ఉంచమనాల్సింది మేవిస్."

"ఆఖరి గిన్నె ఉంచబోయారు. మా ఆయన తీపి ముట్టరండీ అన్నాను. పారబోస్తే వాళ్ళు నొచ్చుకుంటారని నేనే తిన్నాను."

హోరెస్ స్టీరింగు పట్టుకున్నాడు గానీ కారు కదిలించలేదు. "గుడ్డలో ఉడికించిందేనా?" అన్నాడు.

"గుడ్డలోనే."

"మీగడ కట్టిందా?"

"కట్టింది."

ఆయన కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. అది చూసి మేవిస్ మనసు కరిగింది. నాలుగు రోజులుగా ఆ జేబుల్ని చూస్తూ ఒళ్ళు మండిన మనిషే, రుమాలు తీసి ఇచ్చింది.

"ఏడవకండి. ఎలా చేస్తారో అడిగి తెలుసుకున్నాను. క్రిస్మస్‌కి చేసి పెడతాను, మీ నాన్న చొక్కా లేకపోతే మీ చొక్కా ఉంది."

"నిజంగా?"

"నిజంగానే. ఈలోగా మీరు రెండు రాళ్ళు తగ్గితే. మన హల్‌లో కూడా ఇలాంటి సంఘం ఉందట. మిసెస్ హెప్‌వర్త్ నోట్లో ఎకిల్స్ కేకు పెట్టుకునే చెప్పింది. మీ పేరు ఇచ్చి వచ్చాను."

హోరెస్ వద్దనబోయి, కస్టర్డ్ గుర్తొచ్చి, కారు స్టార్ట్ చేశాడు.

తర్వాతి వారం హల్‌లో, వాన పడుతుండగా, సంఘం తలుపు ఇంకా తియ్యకముందే బూట్లు విప్పి చేత్తో పట్టుకుని వరుసలో అందరికన్నా ముందు నిలబడింది హోరెస్ బికర్‌డైకే.