ఓపికను వెంట తెచ్చుకోండి

ఆ గురువారం ఉదయం మణియమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆస్పత్రికి వెళ్ళాలి, కొత్త సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోవాలి, సాయంత్రం దాకా నోరు జారకుండా చూసుకోవాలి. మొదటి రెండూ ఆమె చేతిలోని పనులే. మూడోది ఆమె పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు కూడా చేసి ఎరగదు.

పుదుచ్చేరి గోరిమేడులోని ఆ పశువుల అత్యవసర ఆస్పత్రిలో ముందు కుర్చీ పదకొండేళ్ళుగా ఆమెదే. ఏ కుక్క ఎవరిది, ఏ పిల్లి ఎవరిని గీరింది, ఏ చిలక మందు మింగకుండా మోసం చేస్తుంది, అన్నీ ఆమె తమిళంలో రాసుకున్న నోటుపుస్తకాల్లో ఉండేవి. అందులో ఒక పుస్తకాన్ని పోయిన నెల అన్నమ్మాళ్ మేక, వైద్యానికని వచ్చి, అట్టతో సహా తినేసింది. ఆస్పత్రి యజమాని సౌందరరాజన్‌కు ఒళ్ళు మండింది. ఇక సాఫ్ట్‌వేరే అన్నాడు. మణియమ్మ నడపగలిగితే సరే, లేకపోతే ఒకటో తారీకు నుంచి కంప్యూటర్ నేర్చిన అమ్మాయి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుందని తేల్చేశాడు. యాభై రెండేళ్ళ మణియమ్మకు ఇంకో కుర్చీ ఎవరిస్తారు?

డాక్టర్ లలితకుమారి యానాం మనిషి. మణియమ్మ లేని ఆస్పత్రిని ఆమె ఊహించుకోలేదు. అందుకే పట్టుబట్టి మూడు సాఫ్ట్‌వేర్లు చూసింది. మొదటిదాని జాతుల జాబితాలో నాటుకుక్క లేదు. వారం తిరిగేసరికి వీధికుక్కలన్నీ జర్మన్ షెపర్డులైపోయాయి. రెండోది కరెంటు పోయినప్పుడల్లా జరిగిందంతా మరిచిపోయేది. మూడోదాన్ని అమ్మడానికి వచ్చిన గురు "ఇందులో తెలుగు కూడా ఉంది మేడమ్" అనగానే డాక్టరమ్మ ఎగిరి గంతేసింది.

"మణియమ్మగారూ, ఇది మీ కోసమేనండి! అంతా తెలుగులోనే కనిపిస్తుంది. ఇక మిమ్మల్ని కదిపేవాళ్ళే లేరు!"

మణియమ్మ నవ్వు తెచ్చిపెట్టుకుంది. వాళ్ళింట్లో మూడు తరాలుగా తెలుగే మాట్లాడతారు. కానీ బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలను చూస్తే ఆమెకు మిఠాయి కొట్లో జాంగ్రీలు పేర్చినట్టు ఉంటుంది తప్ప ఒక్క ముక్క అర్థం కాదు.

ఆ సంగతి నాలుగేళ్ళ కిందటే చెప్పేసి ఉంటే పోయేది. డాక్టరమ్మ కొత్తగా చేరిన రోజున "మీరు తెలుగు చదువుతారా?" అని సంబరంగా అడిగితే, ఆ సంబరం చెడగొట్టడానికి మనసొప్పక "చదవక ఏంది మేడమ్!" అనేసింది. అప్పటినుంచి డాక్టరమ్మ, యానాంలోని తన తల్లి పంపే తెలుగు పత్రికను నెలనెలా తెచ్చి ఇస్తుంది. మణియమ్మ వారంపాటు బొమ్మలు చూసి తిరిగి ఇచ్చేస్తుంది. పోయిన నెల పత్రికలో చివరి పేజీ నిండా ఒకావిడ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటున్న బొమ్మ ఉంది. "ఆ కడసీ కథకు ఏడిస్తి మేడమ్" అంది మణియమ్మ, ఏదో ఒకటి అనాలి గనక. "నేనూ ఏడ్చానండి" అంది డాక్టరమ్మ.

ఆ ఉదయం గురు తెరను తెలుగులోకి మార్చి, తమిళంలో ఒక్క ముక్కలో పాఠం ముగించాడు. జంతువు ఫొటో ఎంచుకోవాలి, పని ఎంచుకోవాలి, పచ్చ మీట నొక్కితే ముందుకు పోతుంది. అంతే. ఆ తర్వాత మూలన కుర్చీ లాక్కుని ఫోనులో పడ్డాడు.

మొదటి పని భైరవుడిది. పేరుకు భైరవుడే గానీ చెప్పుల పెట్టెలో పట్టే పొమరేనియన్. కదిర్కామంలో ఉండే రిటైర్డు తెలుగు మాస్టారు త్రిమూర్తులుగారి కుక్క. మేజోడు మింగి రెండు రోజులుగా ఇక్కడే ఉంది, ఇవాళ డిశ్చార్జి. మణియమ్మ భైరవుడి ఫొటో నొక్కి, బయటికి వెళ్ళే తలుపు బొమ్మ నొక్కింది. తెర మీద రెండు వరుసల జాంగ్రీలు ప్రత్యక్షమయ్యాయి. ఇది మాస్టారి ఫోనుకు పంపమంటారా అని అడుగుతోంది కాబోలు అనుకుంది. అంతలో డాక్టరమ్మ వెనక నుంచి తొంగిచూసింది.

"సరిగ్గా ఉందా మేడమ్?"

"అబ్బ, ఎంత చక్కగా ఉందో! పంపించెయ్యండి" అని డాక్టరమ్మ ఎందుకో కాస్త తొందరగానే లోపలికి వెళ్ళిపోయింది. మణియమ్మ పచ్చ మీట నొక్కింది.

పది నిమిషాల్లో తేంగాయితిట్టు చేపల రేవు నుంచి మునుసామి చేపలబుట్టలో పిల్లిని పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, సీక్రం! రాణి గాలం మింగేసింది!"

బుట్టలోంచి రాణి మూలిగింది. దాని మూతి పక్కన దారం వేలాడుతోంది. పిల్లిని చూడగానే డాక్టరమ్మ లోపలికి తీసుకుపోయింది. ఇక తెరకు చెప్పాలి. తెర మీద ఒక మూల ఎర్రటి మీట ఉంది. ఎర్రదంటే ఎమర్జెన్సీ కాక మరేముంటుంది? నొక్కింది. తెర ఏదో అడిగింది. పచ్చది నొక్కింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ నొక్కింది. మూడోసారి కాస్త పెద్ద అక్షరాలతో బతిమాలినట్టు అడిగింది. "ఏందిది, ఇన్ని తూర్లు అడగతాది!" అని విసుక్కుని గట్టిగా నొక్కింది.

అది అందరికీ ఒకేసారి కబురు పంపే మీట. వారం రోజులుగా మణియమ్మ నోటుపుస్తకాల్లోంచి ఏరి గురుకు రాసిచ్చిన మూడు వందల పన్నెండు ఫోన్లకూ ఆ కబురు పోయింది, తెలుగులో.

ముందు ఫోన్లు మొదలయ్యాయి. ఆ తర్వాత మనుషులే వచ్చారు. పుదుచ్చేరిలో అంతమందికి ఒకేసారి తెలుగు కబురొస్తే చదివేదెవరు? చదవలేకపోయేసరికి భయం పెరిగింది. ఏదో రోగం వచ్చిందని ఒకరు, కుక్కల బండి వస్తోందని ఒకరు. అరగంటలో వరండా నిండా కుక్కలు, పిల్లులు, రెండు పంజరాలు, వాటి నడుమ పాత నేరస్థురాలైన మేకతో అన్నమ్మాళ్. ఆ మేకను చూసి మణియమ్మ కంప్యూటర్ తీగను కాళ్ళకిందికి లాక్కుంది.

"మణీ, నువ్వు తెలుగుదానివే కదా. ఏమని రాసిందో చదువు" అంటూ అన్నమ్మాళ్ ఫోను ముందుకు చాపింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. "కళ్ళద్దాలు యాడనో పెట్టి మరిచినా" అంది మణియమ్మ. అన్నమ్మాళ్ ఆమె నెత్తి మీదికి చూసింది. కళ్ళద్దాలు అక్కడే ఉన్నాయి.

అదృష్టం కొద్దీ అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చేతిలోని పట్టుకారులో గాలం మెరుస్తోంది. "రాణికి ఏం ఫరవాలేదు. మత్తు దిగగానే తీసుకెళ్ళొచ్చు!" మునుసామి అక్కడే కూలబడి మొహం తుడుచుకున్నాడు. మణియమ్మ కూడా దేవుడికి దండం పెట్టుకుంది, కానీ సగమే.

"మేడమ్ చదువుతారు!" అంది.

"నాకు చేతులు ఖాళీ లేవండి. మీరు చదవండి మణియమ్మగారూ" అంది డాక్టరమ్మ. చదవడానికి చేతులెందుకో ఎవరికీ అర్థం కాలేదు. గురు వైపు చూస్తే గురు పైకప్పు వైపు చూశాడు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ త్రిమూర్తులు మాస్టారు వచ్చారు.

"ఏవండీ! మా భైరవుడు ఏం తప్పు చేశాడండీ? 'విధుల నుంచి తొలగించడమైనది' అని రాశారు! ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నన్నే ఎవరూ తొలగించలేదండీ!" ఆయన ఆయాసం తీర్చుకుని రెండో కబురు తీశారు. "ఇంకోటి చూడండి. 'అత్యవసర పరిస్థితి ప్రకటించడమైనది. మీ ఓపికను వెంటనే తీసుకురండి.' ఎక్కడినుంచి తెచ్చేదండీ? ఉన్నదంతా మొదటి కబురుతోనే అయిపోయింది!"

పంజరంలోంచి ఒక చిలక ఏదో అంది.

మణియమ్మ లేచి నిలబడింది. కుర్చీ ఎలాగూ పోయింది, కనీసం అబద్ధాన్ని వదిలించుకుందామనుకుంది. "మేడమ్, తప్పు నాదే. నాకు తెలుగు చదివేదానికి రాదు. నాలుగేండ్లుగా మీకు అబద్దమే చెప్తా వచ్చినా. మాట్లాడేదే వచ్చు. మన్నించండి" అంటూ ఏడ్చేసింది.

డాక్టరమ్మ చేతిలోని పట్టుకారు కింద పెట్టేసింది. తర్వాత పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయింది.

"హమ్మయ్య!" అంది. "నాకూ రాదండి. నాన్నగారికి బదిలీల ఉద్యోగం. ఒక ఏడాది మాహే, ఒక ఏడాది కారైకాల్, అంతా ఇంగ్లీషు చదువే. అమ్మకు చెప్తే బాధపడుతుందని పత్రికలు తెచ్చి మీకిస్తూ వచ్చాను. మీరు చదువుతున్నారు కదా, ఏదైనా అడుగుతారేమోనని నెలనెలా భయమే!"

"నన్ను చూసి భయమా మేడమ్!" మణియమ్మ ఏడుస్తూనే నవ్వింది. నాలుగేళ్ళ బరువు ఆమె భుజాల మీద నుంచి దిగిపోయింది.

"మరి ఈ తెలుగు రాసిందెవరయ్యా?" అని మాస్టారు గురును నిలదీశారు.

"మెషిన్ సార్" అన్నాడు గురు. "నాకు తమిళ్ మట్టుమే, తెలుగు తెలియదు."

"అదీ సంగతి! పేషెంటంటే ఇంగ్లీషులో రోగీ అవుతాడు, ఓపికగా ఉండడమూ అవుతుంది. డిశ్చార్జంటే ఇంటికి పంపడమూ అవుతుంది, ఉద్యోగం ఊడగొట్టడమూ అవుతుంది. మీ మిషను రెండుసార్లూ తప్పుదే ఏరుకుంది!"

"తమిళంలో పెట్టేదానికి అవతాదా?" అని అడిగింది మణియమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. ఒక్క నొక్కుతో అయింది. కళ్ళద్దాలు నెత్తి మీద నుంచి ముక్కు మీదికి దిగాయి. ఆ తర్వాత ఆమె చేతివేగం చూసి గురు ఫోను జేబులో పెట్టేశాడు. వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని తమ జంతువులకు టీకాలు వేయించారు, గోళ్ళు తీయించారు. మధ్యాహ్నం సౌందరరాజన్ వచ్చి కిక్కిరిసిన వరండాను చూసి నోరెళ్ళబెట్టాడు. ఒక్క ఉదయంలో ఇంతమందిని రప్పించిన మనిషిని మార్చే ఆలోచన తనకు ఎప్పుడూ లేదని చెప్పి వెళ్ళాడు.

భైరవుణ్ణి చంకలో పెట్టుకున్న మాస్టారు మాత్రం కదల్లేదు. శనివారం శనివారం వచ్చి ఇద్దరికీ తెలుగు నేర్పుతానన్నారు. శుభస్య శీఘ్రం అని బల్ల మీదున్న పత్రికను అందుకున్నారు.

"చివరి పేజీ చదవండి మాస్టారూ" అంది డాక్టరమ్మ. "మేమిద్దరం ఏడ్చిన కథ."

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, గొంతు సర్దుకుని, కళ్ళు తుడుచుకుంటున్న ఆవిడ బొమ్మ కింద నుంచి మొదలుపెట్టారు.

"ఉల్లిపాయ పచ్చడి. ముందుగా అరకిలో ఉల్లిపాయలు సన్నగా తరుగుకోవాలి."