పాత మదర్, కొత్త కార్డు

ఆదివారం పొద్దున కాఫీ కప్పు కింద పెడుతూ, ఇవాళ కంప్యూటర్ సంగతి తానే చూస్తానని పళ్ళ డాక్టరు ప్రకటించాడు. క్లినిక్‌కి సెలవు. చేతులు ఖాళీగా ఉంటే ఆయనకు తోచదు.

కంప్యూటర్ ఆ రోజు ఎలాగైనా పనిచేసి తీరాలి. ఆయన భార్య గ్రంథాలయంలో ఉద్యోగి. పుస్తకాలు సర్దుతూ సర్దుతూ వాటిలో ఒకటి తెరిచి చదరంగం నేర్చుకున్న మనిషి. ఇన్నేళ్ళకు మొదటిసారి ఒక పోటీలో ఫైనల్ దాకా వచ్చింది. ఆట మధ్యాహ్నం మూడింటికి, ఇంటర్నెట్‌లో. ఫోన్‌లో ఆడటానికి వీల్లేదు. పెద్ద తెర ముందు, కెమెరాకు కనబడేలా ఒంటరిగా కూర్చోవాలి. వేళకు రాకపోతే ఓడినట్టే లెక్క. ఇంట్లో చూస్తే ఉన్నది ఒకే ఒక పాత కంప్యూటర్. మొన్నటి ఉరుముల వానకు, దాని వెనక ఇంటర్నెట్ వైరు తగిలించే చోటు కాస్తా మాడిపోయింది. మిగతాదంతా భేషుగ్గా ఉంది. లోపల ఒక నెట్‌వర్క్ కార్డు పెట్టుకుంటే చాలని షాపతను ధైర్యం చెప్పి, కార్డు చేతిలో పెట్టాడు.

"మెకానిక్‌ని పిలుద్దామండీ," అంది భార్య.

"ఎందుకూ? రోజూ మనుషుల నోట్లో, నాలుక అడ్డం పడుతుంటే, వేలు పట్టని సందుల్లో పని చేసేవాణ్ణి. బల్ల మీద కదలకుండా పడుండే డబ్బాలో ఒక్క కార్డు దింపలేనా?"

"డబ్బా కదలదు. మీరు కదులుతారు. అదే నా భయం."

ఆయన ఆ మాట చెవిన వేసుకోలేదు. ఆవిడ చదరంగం బల్ల చంకన పెట్టుకుని, చెవుల్లో దూది కుక్కుకుని, పడగ్గది తలుపు వేసుకుంది. ఆటకు ముందు ఎవరూ పలకరించకూడదని పొద్దున్నే ఆజ్ఞ జారీ అయింది.

డాక్టరు కంప్యూటర్‌ని భోజనాల బల్ల మీదికి చేర్చి, దుమ్ము హాల్లోకి పోకుండా తలుపు దగ్గరగా వేశాడు. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవుజులు, నుదుటికి లైటు. తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద తన పనిముట్లు వరసగా పేర్చాడు. అలవాటు కొద్దీ, "ఏం భయం లేదు, నొప్పి తెలియదు," అని డబ్బాకు ధైర్యం కూడా చెప్పాడు.

పక్క రేకు ఊడదీయగానే దుమ్ము ఎగిరి మాస్కు మీద బూజులా పరుచుకుంది. తుమ్ములు ఆగాక లోపలికి తొంగి చూశాడు. కార్డు పెట్టాల్సిన గాడికి ఎదురుగా, వెనకవైపు ఒక రేకుపట్టీ అడ్డంగా ఉంది. స్క్రూ తీసినా అది ఊడి రాలేదు. తుప్పుపట్టి కరుచుకుపోయింది. డాక్టరుకి హుషారు పుట్టింది. జ్ఞానదంతాలు పీకే పటకారు అందుకుని, అటో ఊపు, ఇటో ఊపు, ఆపైన ఒక్క లాగు. పట్టీ ఊడి వచ్చింది. వస్తూ వస్తూ గ్లవుజును చీల్చి వేలిని గీరింది. గాయం చిన్నదే కానీ నెత్తురు మాత్రం గుడ్డంతా అయింది.

తరవాత కార్డును కవరులోంచి తీశాడు. దాని అంచున వరసగా బంగారు రంగు రేకులు మెరుస్తున్నాయి. ఇన్ని బంగారు పళ్ళు ఒకే దవడకు ఉండటం తన సర్వీసులో చూడలేదనుకుని మురిసిపోయాడు. అయితే కింద గాళ్ళు రెండు రకాలుగా కనిపించాయి. దేనిలో పెట్టాలి? ఫోన్ తీసి షాపతన్ని అడిగాడు.

ఆ సమయానికి హాల్లో, తలుపుకు ఇవతల, అత్తగారు తన మూల కుర్చీలో కూర్చుని ఉంది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. అప్పటినుంచీ కూతురి దగ్గరే ఉంటోంది. ఒకరి మాటలు చాటుగా వినే అలవాటు ఆవిడకు లేదు. కాకపోతే అల్లుడి గొంతు అలాంటిది; వినకుండా ఉండటం కుదరదు.

"ఆఁ, ముసలిదేనండీ," అంటున్నాడు అల్లుడు. "పదేళ్ళ నుంచీ మా ఇంట్లోనే పడుంది."

అత్తగారి చేతిలో పేపరు కిందికి దిగింది.

"మూలన కూర్చోబెట్టాం. పొద్దున్నే కాసేపు మూలిగితేగానీ లేవదు... లేదండీ, బయటికి పంపేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోదు. దాని మీద ప్రాణం పెట్టుకుంది."

అవతల షాపతను ఏమడిగాడో ఏమో.

"అదేనండీ, మదర్‌తోనే ఇబ్బంది! మరీ పాతకాలం మదర్. కొత్తగా వచ్చినవాటితో సర్దుకుంటుందా అని నా అనుమానం... ఏంటీ, ఎక్స్‌చేంజా? పాత మదర్‌నిస్తే కొత్త మదర్‌నిస్తారా? భలేవారే! ఇంత పాతదాన్ని ఎవరు తీసుకుంటారండీ?" అంటూ పకపకా నవ్వాడు.

కంప్యూటర్‌లో అన్నిటికీ ఆధారమైన పెద్ద బోర్డును మదర్‌బోర్డు అంటారు. అంత పొడుగు పేరు పలకడానికి బద్ధకమై డాక్టరు సగంలో ఆపేస్తున్నాడు. ఈ సంగతి అత్తగారికి తెలిసే దారి లేదు.

ఆవిడ ఏడవలేదు. ఆసుపత్రి మొత్తాన్ని కనుసైగతో నడిపిన మనిషి ఏడుస్తుందా? ట్రంకు పెట్టె తెరిచి, దుప్పట్లను అంచులు కలిసేలా మడిచి పేర్చింది. తన పెన్షన్‌తో కొన్న వస్తువులన్నీ ఒకటొకటిగా ఏరింది. టేబుల్ ఫ్యాను. గోడ గడియారం. మూల అలమారులో మినుకుమినుకుమంటున్న లైట్ల పెట్టె. అది కూతురి పుట్టినరోజుకు తానే కొనిపెట్టిన ఇంటర్నెట్ మోడెం. వైర్లు పీకి దాన్నీ దుప్పట్ల మధ్య దాచింది. తరవాత కొడుక్కి ఫోన్ చేసింది.

కొడుకుది ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు చేరవేసే వ్యాపారం. సొంత వ్యాను ఉంది.

"ఒరేయ్, బండి ఖాళీగా ఉందా?"

"ఉందమ్మా. ఏం సామాను?"

"నేనేరా సామాను," అంది తల్లి.

ఇక్కడ డాక్టరు సరైన గాడి చూసుకుని, కార్డును రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. టక్కున కూర్చుంది. స్క్రూ బిగించి మీట నొక్కితే ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. కొత్త కార్డు వచ్చిందని కంప్యూటరే గుర్తుపట్టి చెప్పింది. డాక్టరు చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు. హాల్లోంచి వచ్చే వైరును కార్డుకు తగిలించాడు. ఇంటర్నెట్ రాలేదు. ఊడదీసి మళ్ళీ తగిలించాడు. తెర మూలన ఎర్రటి ఇంటూ గుర్తు వెక్కిరిస్తూనే ఉంది. ఆ వైరు రెండో కొస హాల్లో గాలికి వేళ్ళాడుతోందని ఆయనకు తోచలేదు. లోపం తన పనిలోనే ఉందనుకుని, స్విచ్చి ఆపి, మళ్ళీ డబ్బా విప్పాడు.

అంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు, రొప్పుతూ. ఎదురుగా మాస్కు, నుదుట లైటు, ఒక చేతిలో పటకారు, గుడ్డ నిండా నెత్తురు. బావగారి అవతారం చూసి అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. తల్లి గుర్తుకొచ్చి ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఏంటి బావగారూ ఇది? ఇన్నేళ్ళూ మీ అందరికీ చాకిరీ చేసిందే, ఇదా మర్యాద?"

"చేసింది, కాదని ఎవరన్నారు?" అన్నాడు డాక్టరు, లోపలికి చూస్తూనే. "ఇంకా చేస్తుంది. నాకా నమ్మకముంది."

"ఇంకా చేయించుకుంటారా!" బావమరిది ఒంటికాలి మీద లేచాడు. "ఇక ఒక్క నిమిషం ఈ ఇంట్లో ఉంచను. ఇప్పుడే తీసుకుపోతున్నా. మా ఇంట్లో నెత్తిన పెట్టుకుని చూసుకుంటా!"

డాక్టరు రెండు చేతులతో కంప్యూటర్‌ని కావలించుకున్నాడు.

"ఇప్పుడు కాదయ్యా బాబూ! మధ్యాహ్నం మీ అక్కకి దీంతో పనుంది. అది అయిపోయాక తీసుకుపో, నేనే వ్యానెక్కిస్తా!"

"అంటే, పని తీరాక పంపించేస్తారన్నమాట. విన్నావా అమ్మా!" అంటూ బావమరిది తలుపును విసిరికొట్టి పోయాడు.

ఆ చప్పుడుకు డాక్టరు ఉలిక్కిపడ్డాడు. మోచెయ్యి డబ్బా లోపల దేనికో తగిలింది. కింద వ్యాను కదిలిపోయిన శబ్దం వినిపించింది. ఈసారి స్విచ్చి వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. పైగా డబ్బా లోంచి కూ... కూ... అంటూ పొడుగాటి కూత మొదలైంది.

దూది ఉన్నా ఆ కూత చెవులకు సోకినట్టుంది. భార్య గదిలోంచి వచ్చింది. విప్పిన డబ్బాను చూసింది, భర్త వేలిని చూసింది. హాల్లోకి తొంగి చూసింది.

"అమ్మేదండీ? గడియారమేది? మోడెం ఏది?"

డాక్టరు అప్పుడు చూశాడు. మూలన ఖాళీ కుర్చీ, అలమారులో దుమ్ము మధ్య మోడెం ఆకారంలో నలుచదరపు మచ్చ.

"మీ తమ్ముడొచ్చాడు. కంప్యూటర్ తీసుకుపోతానని గొడవపడ్డాడు. నేనివ్వలేదు," అన్నాడు గర్వంగా.

పది ఎత్తులు ముందుకు ఆలోచించే మనిషికి వెనక్కి ఆలోచించడం కష్టమా? ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వాడొచ్చే ముందు మీరెవరితోనన్నా మాట్లాడారా?"

"షాపతనితో. ఫోన్‌లో."

"ఏమన్నారు? అన్నది అన్నట్టు చెప్పండి."

"ఏముందీ, ముసలిదేనండీ అన్నా. పదేళ్ళ నుంచీ ఇంట్లోనే పడుందన్నా."

"ఇంకా?"

"మూలన కూర్చోబెట్టాం, పొద్దున్నే మూలుగుతుంది..." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "పాతకాలం మదర్..."

"ఇంకా?"

"ఎక్స్‌చేంజికి..." అంటూనే డాక్టరు మాస్కు పీకి కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మో! అత్తయ్యగారు విన్నారా?"

భార్యకు కోపం రావాల్సింది. కానీ నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ తమ్ముడికి ఫోన్ కలిపి, తల్లికి ఇమ్మంది. జరిగిందంతా చెప్పింది.

"దానికి మదరని పేరెందుకు పెట్టారే?" అంది అత్తగారు, బండి హారన్ల మధ్య నుంచి.

"ఇంట్లో ఉన్నవన్నీ వచ్చి దానికే తగులుకుంటాయమ్మా. అందుకని."

"అయితే తెలిసినవాడే పెట్టాడు," అంది ఆవిడ. "ఒరేయ్, బండి తిప్పు."

వ్యాను వెనక్కి వచ్చేసరికి మూడు కావస్తోంది. డాక్టరు గుమ్మంలో ఎదురెళ్ళి, "అత్తయ్యగారూ, నేనూ... అసలు..." అని నీళ్ళు నమిలాడు.

"అవన్నీ తరవాత. ముందు పేషెంటేదీ?" అంది ఆవిడ. చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, డబ్బా మీదికి వంగింది. "నన్ను పోల్చింది దీనితోనా? పరవాలేదు, దుమ్ము దులిపితే కళగానే ఉంది. ఎప్పటినుంచి ఈ ఏడుపు?"

"మీ అబ్బాయి తలుపు విసిరికొట్టాక. నా మోచెయ్యి తగిలింది."

"ఎక్కడ?"

"ఇదుగో, ఈ పక్కన."

"ఆ పక్కన రెండు పచ్చ పట్టీలున్నాయి చూడండి. ఒకటి తిన్నగా కూర్చుంది. రెండోదానికి ఒక కొస లేచుంది. రెండూ ఒకేలా ఉండాలా, అక్కర్లేదా?"

డాక్టరు నుదుటి లైటు అటు తిప్పాడు. అది కంప్యూటర్ మెమరీ పట్టీ. చిగురులోంచి కదిలిన పన్నులాగా వంకరగా ఉంది. కరెంటు తీసేసి చెయ్యి చాచాడు. అడక్కుండానే అత్తగారు కొత్త గ్లవుజు అందించింది. పట్టీ రెండు కొసలా నొక్కితే రెండుసార్లు టక్కుటక్కుమంది. స్విచ్చి వేశారు. కూత లేదు. తెర వెలిగింది. బావమరిది పరుగున వెళ్ళి ట్రంకులో దుప్పట్ల మధ్య నుంచి మోడెం తెచ్చి, వైర్లు తగిలించాడు. లైట్లు ఒకటొకటిగా పచ్చబడ్డాయి. ఎర్ర ఇంటూ మాయమైంది. భార్య కుర్చీలో కూర్చుని జుట్టు సరిచేసుకునేలోపు, తెర మీద కిందటేటి విజేత మొహం ప్రత్యక్షమైంది.

ఆడేవాళ్ళ దగ్గర ఎవరూ ఉండకూడదు. ముగ్గురూ తలుపు అవతల చేరి, సందులోంచి ఆవిడ వీపును మాత్రం చూస్తూ నిలబడ్డారు. వీపు నిటారుగా ఉంటే గెలుస్తోందని, వంగితే ఓడిపోతోందని గుసగుసలాడుకున్నారు. ఒకసారి ఆవిడ చాలాసేపు కదలనే లేదు. అత్తగారు అల్లుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గాయమైన చెయ్యే అయినా డాక్టరు కిక్కురుమనలేదు.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. ఆవిడ తలుపు తీసి, ముగ్గురి మొహాలూ చూసింది.

"గెలిచానండీ," అంది, తనకే నమ్మకం లేనట్టు.

ఆ తరవాత ఎవరు ఎవరిని కావలించుకున్నారో చెప్పడం కష్టం. డాక్టరైతే అత్తగారికి వంగి దండం పెట్టి, అదే ఊపులో బావమరిదికీ పెట్టేశాడు.

హడావుడి చల్లారాక బావమరిది గొంతు సవరించుకున్నాడు.

"అయితే అమ్మా, అపార్థం తీరిపోయిందిగా. ట్రంకు దించేయనా మరి?"

"దించడమెందుకు?" అంది అత్తగారు. "ఆయన అన్నది అపార్థం. నువ్వు దారిలో అన్నది అపార్థం కాదుగా? ఇల్లు ఇరుకైతేనేం, గుండె ఇరుకు కాదు, ఇక నా దగ్గరే ఉండాలమ్మా అన్నావా లేదా?"

"అన్నాననుకో..."

"ఎన్నేళ్ళ నుంచో వినాలనుకున్న మాటరా అది. ఓ నెల ఉండి వస్తా."

"అత్తయ్యగారూ, మీరు లేకపోతే ఇల్లేం బాగుంటుంది?" అన్నాడు డాక్టరు. నిజంగానే ఆయన మొహం వాడిపోయింది.

"నెల ఎంతలో తిరుగుతుంది బాబూ. ఈలోగా ఇంకేదీ విప్పకండి," అని ఆవిడ ఆయన వేలికి చక్కగా కట్టు కట్టి, మెట్లు దిగింది.

వ్యాను తోలింది బావమరిదే. ఎక్కడ మలుపు తిరగాలో, ఎంత మెల్లగా పోవాలో చెప్పింది మాత్రం సామానే.