నీడలో కొలిచిన వేడి

ఆళ్లగడ్డలో ఎండ ఉందా లేదా అన్నది సూర్యుడు తేల్చే సంగతి కాదు. దానికి ఒక శాఖ ఉంది. పేరు అతితీవ్ర పరిసర జీవుల అర్హతా నిర్ధారణ విభాగం. ఆఫీసు జిల్లా కేంద్రంలో (ఫ్యాన్లు బాగా తిరిగే భవనం కాబట్టి).

1983 వేసవిలో ఈ విభాగం ముందుకు ఒక బూజు వచ్చింది.

దాన్ని పట్టుకున్నది నంద్యాలలో వృక్షశాస్త్రం చెప్పే రాజరత్నం. ఆళ్లగడ్డలో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు వెనక పత్తిచెత్త కుప్ప ఉంది. తడి చేరి, కుళ్లి, లోలోపలే ఉడుకుతుంటుంది. చెయ్యి దూరిస్తే చుర్రుమంటుంది. మామూలు బూజులు చచ్చిపోయే ఆ వేడిలో ఇది హాయిగా పెరుగుతోంది. అది వదిలే రసం, అంటే ఎంజైము, పొగలు కక్కే నీళ్లలో కూడా గంజిని కరిగించేస్తుంది. పై దేశాల్లో ఇట్లాంటి బూజుల రసాలతో గంజిని చక్కెర చేస్తారు, పండ్లరసాలు తేటపరుస్తారు, నేసిన బట్టకు రంగు వేసే ముందు నూలుకు పట్టిన గంజి వదలగొడతారు. మన దగ్గర గంజి వదలగొట్టేది మణెమ్మ.

మణెమ్మ నంద్యాలలో ఒక అద్దకం మిల్లులో పదకొండేళ్లుగా యాసిడ్ నీళ్ల తొట్టి దగ్గర పనిచేస్తోంది. బట్టను అందులో ముంచి పిసికితే గంజి పోతుంది. గోళ్లూ పోతాయి. పులుసు తగిలితే చేతి పగుళ్లు భగ్గుమంటాయి గనక సంగటిని చెంచాతో తింటుంది. వాళ్ల వీధిలో ఆమెకు కలెక్టరమ్మ అని పేరు.

రాజరత్నం ఒకరోజు సీసాలో ఆ రసం తెచ్చి వేడినీళ్ల తొట్టిలో పోశాడు. మణెమ్మ బట్ట నానేసి పక్కన కూచుంది. చల్లారాక తీస్తే గంజి లేదు. ఆమె చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇది రోజూ పోస్తారా సారూ?"

"పర్మిషన్ రావాల మణెమ్మా."

"బేగా తెప్పించు సారూ. ముద్ద చేత్తో తిని ఎన్నేండ్లయిందో."

మిల్లు యజమాని శేషయ్య కూడా మంచి మాటే అన్నాడు, సర్కారు ముద్ర పడితే మరుసటి రోజే పోయిస్తానని. (యాసిడ్‌ను ఆయన ఏ ముద్రా అడగలేదు. అది పాత పరిచయం.)

బూజు అతితీవ్రమైన చోట బతుకుతున్నట్టు విభాగం కళ్లారా చూడాలని నియమం. మే నెల మధ్యాహ్నం పరిశీలనాధికారి లక్ష్మీనారాయణ గారు జీపులో ఆళ్లగడ్డ వచ్చారు. కాలు కింద పెట్టి, వెంటనే పైకి తీసుకున్నారు.

"ఏందప్పా ఈ ఎండ! మనుషులుంటారా ఈడ?"

"మేము రాసింది అదే సార్," అన్నాడు రాజరత్నం.

"అట్ల నోటిమాట చెల్లదు. రూలు ప్రకారం వేడిని నీడలోనే కొలవాల."

కుప్ప మీద పందిరి లేచింది. చుట్టూ వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లారు. వస్తువు మొత్తం అధికారికి కనిపించాలని ఇంకో నియమం ఉండటంతో, కుప్పను లాగి శనక్కాయలు ఆరబోసినట్టు పరిచారు.

"సార్, పరిస్తే చల్లారిపోతాది. కుప్పగా ఉంటేనే వేడి!"

"మూసిపెట్టినదాన్ని నేనెట్ల సర్టిఫై చేసేది?"

న్యాయంగా ఉండాలని సాయంత్రం దాకా ఆగి, సోడా తాగి, అప్పుడు కొలిచారు. 'సుఖకరం' అని రాశారు. మే నెలలో ఆళ్లగడ్డ గురించి ఆ మాట రాసిన మొదటి మనిషి ఆయనే. సుఖకరమైన చోట పెరిగేది మామూలు బూజు. మామూలు బూజు రసం వేడికి తట్టుకోదు కాబట్టి మిల్లుల్లో పనికిరాదు. (ఇది రాస్తున్న నాకు ఒళ్లు మండింది. కానీ దాన్నీ నీడలోనే కొలుస్తారు.)

రాజరత్నం పట్టు వదలక ఆయన్ను నంద్యాల తీసుకుపోయి తొట్టి చూపించాడు, మణెమ్మ చేతులు చూపించాడు. లక్ష్మీనారాయణ గారు కళ్లద్దాలు తుడుచుకుని శ్రద్ధగా చూశారు.

"ఎన్నాళ్లుగా చేస్తాండావమ్మా?"

"పదకొండేండ్లు సార్."

"ఇంకా చేస్తానే ఉండావు కదా?"

"చేయకుంటే తినేదెట్ల సార్?"

ఆయన ముఖం వెలిగింది. నివేదికలో ఇలా రాశారు: 'యాసిడ్‌లో పదకొండేళ్లుగా మనుగడ సాగిస్తున్న స్థానిక జీవి మిల్లులో ఇప్పటికే పనిచేస్తున్నందున, వేరొక జీవి అవసరం కనిపించదు.'

విభాగం పుట్టాక అర్హత పొందిన మొదటి జీవి మణెమ్మే. సర్టిఫికెట్ ఇవ్వడానికి బంట్రోతు నంద్యాల దాకా వచ్చాడు. అందినట్టు వేలిముద్ర వేయమన్నాడు. ఆమె బొటనవేలు సిరాలో అద్ది నొక్కింది. నల్లటి మచ్చ పడింది, అందులో ఒక్క గీత లేదు. ఇంకో వేలు, ఇంకో చెయ్యి, అన్నీ చూశాడు. అన్నీ మచ్చలే.

జీవి ఫలానా అని రుజువు కానందున సర్టిఫికెట్ జిల్లా కేంద్రానికి తిరిగిపోయింది. మణెమ్మ తొట్టి దగ్గరికి తిరిగిపోయింది.