గుండె కింద, ఊపిరి మూడో అంతస్తులో

మనిషి శరీరం అంతా ఒక్కటే అన్నది పాతకాలపు అపోహ. ఆ పెద్దాసుపత్రి దాన్ని ఎప్పుడో సరిదిద్దింది. అక్కడ గుండె కింది అంతస్తులో ఉంటుంది, ఊపిరితిత్తులు మూడో అంతస్తులో ఉంటాయి. ఒకే ఛాతీలో పక్కపక్కనే కాపురం చేస్తున్నా, వాటి మధ్య మాటల్లేవు.

ఈ సంగతి తెలియక చిక్కుల్లో పడింది కండక్టరమ్మ. బస్సులో టిక్కెట్లు కొట్టడం మానేసి చాలాకాలమైనా ఆ పేరు పోలేదు, ఆ గొంతూ పోలేదు. చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఈమధ్య దానికి గుండెదడ తోడైతే, గుండె డాక్టరు మాత్రలు రాశాడు. దడ తగ్గింది. ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

కోడలు మందుల పెట్టెలోని కాగితం మడతలు విప్పింది. విప్పగా విప్పగా అది దుప్పటంత అయింది.

"అత్తయ్యా, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇది పడకపోవచ్చట."

"అయితే మానేస్తా."

"డాక్టర్ని అడక్కుండా ఉన్నట్టుండి మానకూడదని కూడా ఉంది."

"వేసుకోకూడదు, మానకూడదు! మరేం చెయ్యమంటారే, ఎదురుగా పెట్టుకుని చూస్తూ కూర్చోనా?"

అత్తాకోడళ్లు వెంటనే ఆసుపత్రికి బయల్దేరారు. గుండె విభాగం కౌంటరులోని గుమాస్తా చాలా మర్యాదగా విన్నాడు.

"ఆయాసమా అమ్మా? అయితే మందు చాలట్లేదన్నమాట. డోసు పెంచమని డాక్టరుగారికి రాసి పంపిస్తాను."

"నాయనా, ఆ మందువల్లే ఆయాసం."

"మందువల్ల ఆయాసం అన్నది మా కంప్యూటర్లో లేదమ్మా. ఆయాసంవల్ల మందు అని ఉంది."

"నాకు ఉబ్బసం ఉందని అందులో ఎక్కించు."

"అది మూడో అంతస్తు వాళ్లు చెప్పాలి."

"ఉన్నదాన్ని నేనే చెబుతున్నా కదా!"

"మీరు పేషెంటు కదమ్మా. మీ మాట మీద ఎలా ఎక్కిస్తాం?"

(ఆసుపత్రి నియమావళి ప్రకారం రోగికి రోగం ఉండవచ్చు, అభిప్రాయం ఉండరాదు.)

లిఫ్టు గుండె రోగులకు మాత్రమే. లిఫ్టు మనిషి తలుపుకు అడ్డంగా నిలబడి ఎక్కడికని అడిగాడు. ఊపిరితిత్తుల దగ్గరికని చెప్పింది కండక్టరమ్మ.

"అయితే మీరు గుండె పేషెంటు కారు. మెట్లెక్కండి."

నడుస్తున్న బస్సు ఆపించి మొండివాళ్లను దింపేసిన మనిషి ఆమె. ఆ రోషంతోనే మెట్లెక్కింది. రెండో అంతస్తు దాటేసరికి రోషం అయిపోయింది, ఊపిరీ అయిపోయింది. మెట్టుమీద కూలబడింది. కోడలు ఇన్‌హేలర్ నోటికి అందించింది. ఎప్పుడూ వీధి చివరికి వినిపించే అత్తగారి నోట మాట రాకపోవడం చూసి ఆ పిల్లకు ఏడుపు ముంచుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒకావిడ దిగి వస్తోంది. ఆవిడే ఊపిరితిత్తుల డాక్టరు. (ఆవిడా గుండె రోగి కాదు కాబట్టి మెట్లే గతి.) ఆ కూత చెవిన పడగానే ఆగిపోయింది.

"ఏం మందు వాడుతున్నారు?"

కోడలు పెట్టె చూపించింది. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. పేషెంటును మనుషులచేత పైకి మోయించి, ముక్కుకు మాస్కు తగిలించి, పిల్లికూతలు నెమ్మదించేదాకా పక్కనే కూర్చుంది. ఆ తర్వాత తానే గుండె విభాగానికి దిగివెళ్లింది. అన్నేళ్ల సర్వీసులో ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. గుండె డాక్టరు కళ్లజోడు సవరించుకుని, "మీరు ఏ పేషెంటు తాలూకు?" అని అడిగాడు.

పరిచయాలయ్యాక పని చిటికెలో అయిపోయింది. పాత మాత్ర ఎలా ఆపాలో, దాని బదులు ఉబ్బసానికి ఇబ్బంది లేనిది ఏది వాడాలో ఇద్దరూ కలిసి రాసిచ్చారు.

గొంతు తిరిగొచ్చిన రోజునే కండక్టరమ్మ రోగుల భద్రతాధికారి గదిలోకి దూసుకెళ్లి జరిగినదంతా ఏకరువు పెట్టింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఇప్పుడు బాగానే ఉన్నారు కదమ్మా?"

"దేవుడి దయవల్ల ఉన్నాను."

"అయితే ఇది ఫిర్యాదు కిందకి రాదు, సందేహం కిందకి వస్తుంది. మందు పడక మనిషి ప్రాణం పోతేనే ఫిర్యాదు. అది కూడా పేషెంటే స్వయంగా వచ్చి చెప్పుకోవాలి."

"ఇంతవరకూ ఎంతమంది వచ్చారేం?"

అధికారి ముఖం గర్వంతో వెలిగిపోయింది.

"ఒక్కరు కూడా రాలేదమ్మా."