రెండో వరసలో ఖాళీ

ఆ రోజు ఫొటో తాతయ్య పథకం చాలా చిన్నది. పది గంటలకు మనవరాలిని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, హెపటైటిస్-ఎ టీకా రెండో డోసు వేయించి, పదకొండుకల్లా ఇంటికి వచ్చేయాలి. నలభై ఏళ్లు స్టూడియో నడిపిన మనిషికి అదొక లెక్కా! చిక్కల్లా మొదటి డోసు నాడు ఆ పిల్ల పెట్టిన కేక. అది వీధి చివరి మందుల షాపు దాకా వినిపించింది.

“ఇప్పటికే నెల ఆలస్యమైంది నాన్నా. ఇవాళ ఎలాగైనా వేయించు,” అని చెప్పి కూతురు ఆఫీసుకు వెళ్లిపోయింది.

“ఎక్కడికి తాతయ్యా?” అంది మనవరాలు.

“ఫొటో దిగడానికి.”

అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా! రీలు లేని పాత కెమెరా తీసి మెడలో వేసుకున్నాడు.

ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు కబురు మెట్లు దిగిపోయింది. గేటు దగ్గర కింది వాటాల పిల్లలు ఐదుగురు తడి తలలు దువ్వుకుని, మొహాన పౌడరుతో నిలబడ్డారు. వెనక ఇద్దరు తల్లులు.

“బాబాయ్ గారూ, మా పిల్లలకీ తీయరూ? మీ చేత్తో తీస్తే ఆ కళే వేరు!”

స్టూడియో మూశాక ఆ మాట విని ఎన్నాళ్లయిందో. తాతయ్య పొంగిపోయాడు, కాదనలేకపోయాడు. దండు ఆయన వెంట కదిలింది.

క్లినిక్కులో నర్సు తెగ సంబరపడింది. “ఒకేసారి ఆరుగురా! టీకా కార్డులివ్వండి.”

“ఫొటోకి కార్డులెందుకమ్మా?” అంది ఒక తల్లి.

“ఏం ఫొటో?”

తాతయ్య మెడలో కెమెరా సర్దుకున్నాడు. మనవరాలు వెళ్లి గోడకు అతుక్కుపోయింది.

“నాకు అబద్ధం చెప్పావు! నేను వేయించుకోను. ఎప్పటికీ వేయించుకోను!”

ఆయన ఆ పిల్ల ముందు చతికిలబడ్డాడు. “తప్పేనమ్మా. నీ వయసులో నాకు కామెర్లొచ్చాయి. బడి కుళాయి నీళ్ల వల్లే అన్నారు. రెండు నెలలు మంచం దిగలేదు. బడి గంట మాత్రం వినిపించేది. అప్పుడే మా క్లాసు గ్రూపు ఫొటో తీశారు. రెండో వరసలో నా స్నేహితులిద్దరూ మధ్యలో చోటు వదిలి నిలబడ్డారు, నేనొస్తానేమోనని.”

ఆ ఖాళీని చూసీ చూసీ ఆయన ఫొటోలు తీసే పనిలో పడ్డాడు.

“అప్పుడు టీకా లేదా?”

“లేదమ్మా. అలాంటి కామెర్లు రాకుండానే ఇప్పుడీ టీకా.”

మనవరాలు చొక్కా చెయ్యి పైకి మడిచింది. “సరే. కానీ ఫొటో తీయాలి.”

తల్లులు డాక్టరును అడిగితే, తక్కిన ఐదుగురిలో ముగ్గురికి అసలు మొదటి డోసే పడలేదని తేలింది. కార్డుల కోసం ఇళ్లకు పరుగెత్తారు. పన్నెండుకల్లా వేయాల్సిన వాళ్లందరికీ వేయడం అయిపోయింది. సూది దిగిన ప్రతిసారీ తాతయ్య “కదలకండి!” అంటూ ఖాళీ కెమెరా నొక్కాడు. ఫొటోలో ఏడుపు మొహం పడుతుందని ఒక్కరూ ఏడవలేదు.

“ఏవీ, చూపించు?” అన్నారు అందరూ.

రీలు లేదని ఒప్పుకోక తప్పలేదు. పిల్లల గోలతో క్లినిక్కు దద్దరిల్లింది. నర్సు తన ఫోను తీసి, “మీరూ నిలబడండి పెద్దాయనా,” అంది. మనవరాలు పక్కపిల్లను జరిపి రెండో వరసలో చోటు చేసింది.

అరవై ఏళ్లకు గ్రూపు ఫొటోలో ఆయన చోటు ఆయనకు దొరికింది. అందులో కళ్లు మూసుకున్నది ఆయనొక్కడే.