పైవాటా ఉత్తరం

ఆదివారం పొద్దున కిషన్ రావు పెట్టుకున్న పని ఒక్కటే. చిక్కడపల్లి మార్కెట్‌కు పోయి చేపలు తేవాలి. సంచి పట్టుకుని గడప దాటబోతుంటే తలుపు సందులో కవరు కనబడింది. ఇంటి ఓనరు వీరరాఘవరావు గారు ఉండేది పైవాటాలోనే. అయినా ఏ సంగతైనా టైపు కొట్టించిన ఇంగ్లీషులోనే చెబుతారు. ముప్ఫయ్యేళ్లు హెడ్ క్లర్కుగా చేసిన మనిషి మరి!

కూతురు తన్మయి ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఇల్లు ఖాళీ చేయించొద్దని కిషన్ రావు వారం కిందటే ఆయన్ను బతిమాలుకున్నాడు. పిల్ల కాలేజీ నారాయణగూడలో, నడిచిపోయే దూరం. దానికి జవాబు ఒక్క ముక్క. "యువర్ రిక్వెస్ట్ యాక్సీడెడ్ టు."

"ఏమంటున్నరు?" అంది భార్య దమయంతి.

"పొమ్మంటున్నరు. నేను మూడుసార్లు ట్రాన్స్‌ఫర్ అడిగితే మూడుసార్లు గిదే మాట వచ్చింది. నాకు తెల్వదా?"

"జర పైకి పోయి అడుగరాదు?"

"అడిగితే ఇంగ్లీష్ రాదనుకుంటరు. ఇజ్జత్ పోతది!"

పక్కింటి ఏడుకొండలు కూడా ఉత్తరం చూసి పెదవి విరిచాడు. "మా ఆఫీసులో ఈ మాటొచ్చిందంటే ఇక ఆశ వదులుకోవడమేనండీ!"

ఇంకేముంది? మధ్యాహ్నానికి విద్యానగర్‌లో రెండు గదులు దొరికాయి. మూడింటికి ట్రాలీ ఆటో వచ్చింది. కూలర్ ఎక్కింది, బీరువా ఎక్కింది. కరివేపాకు కుండీని దమయంతి కళ్లు తుడుచుకుంటూ ఏడుకొండలు ఇంట్లో ఇచ్చేసింది.

అప్పుడే లైబ్రరీ నుంచి వచ్చిన తన్మయి ఉత్తరం చదివి, ఫోన్‌లో ఒకసారి అర్థం చూసుకుంది.

"డాడీ, పరేషాన్ చేస్తున్నవేంది? యాక్సీడ్ టు అంటే ఒప్పుకున్నట్టు. ఉండుమనే రాసిన్రు!"

"మరి నా ట్రాన్స్‌ఫర్?"

"అండ్ల ముందు 'కెనాట్ బి' అని ఉండి ఉంటది."

కిషన్ రావు బుర్ర గోక్కున్నాడు. నిజమే, ఉండేది. అది లేకుండా ఆ మాటను అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"దించుండ్రి, అన్నీ దించుండ్రి!"

ఆ గోలకు వీరరాఘవరావు గారు కిందికి దిగారు. "దించేస్తున్నారేంటండీ? స్పష్టంగా రాశానుగా!"

"రాసిన్రు సార్, ఉండుమని."

"ఉండమనా? ఎవరు?"

"మీరే. సంతకం కూడా ఉంది."

తన్మయి ఫోన్ చూపించింది. ఆయన అర్థం చదివారు, ఉత్తరం చదివారు, మళ్లీ అర్థం చదివారు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆ మాటతో ఆయన ఎవరికీ ఏదీ ఇచ్చిన పాపాన పోలేదు. ఉత్తరం పొట్టిగా ఉంటుందని ఈసారి ఆ 'కెనాట్ బి' రెండు ముక్కలూ కోసేశారు, అంతే. చుట్టూ వాడకట్టంతా నిలబడి చూస్తోంది.

"అంటే మీరు ఒప్పుకోలేదా సార్?" అన్నాడు కిషన్ రావు.

"నేను రాసిన ఇంగ్లీషు నాకు తెలీదంటారా?" ఆయన మొహం కందగడ్డలా అయింది. "ఒప్పుకున్నాననే రాశాను. అర్థం కానిది మీకే!"

గబగబా మెట్లెక్కి వెళ్లిపోయారు. కరివేపాకు కుండీ వెనక్కి వచ్చింది.

తన్మయి పరీక్షలయిన మర్నాడు తలుపు సందులో ఇంకో కవరు కనబడింది. ఈసారి ఉత్తరం తెలుగులో ఉంది.