ఎర్ర సీసా పచ్చబడిన వైనం

రంగులు సరిగ్గా కనబడేవాళ్లు రంగుసీసాల నిపుణులు కాకూడదు. ఇది నా నిశ్చితాభిప్రాయం. కళ్లున్నవాడు ప్రతి సీసా ముందూ తటపటాయిస్తాడు. నీలమంటే ఏ నీలం, వెలుతురులో ఒకలా ఉంది, నీడలో ఇంకోలా ఉంది అని నసుగుతాడు. అలా నసిగే మనిషిని ఎవరు నమ్ముతారు చెప్పండి? నిపుణుడికి కావలసింది గొంతు. చూపు ఉంటే ఆ గొంతుకు అడ్డం.

నమ్మరా? అయితే కొలతలాయన సంగతి వినండి.

కొలతలాయన అంటే తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన పెద్దమనిషి. దుకాణాల్లో తక్కెడలు పరీక్షించి, తూకపు రాళ్ల అడుగున ముద్ర కొట్టడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ముద్ర కొట్టే అలవాటు చేతికి మిగిలింది, కొట్టడానికి రాళ్లు మిగల్లేదు. మూడు నెలల పాటు ఇంట్లో ఉప్పు డబ్బా మొదలుకొని దిండు దాకా అన్నీ తూచాడు. భార్య ఓపికను కూడా తూచబోతున్న సమయంలో, పాతసామాన్ల దుకాణం నడిపే బావమరిది ఒక అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టాడు.

"బావా, ఇవన్నీ పాత రంగుసీసాలు. సెంటు సీసాలు, మందు సీసాలు, షోకుకి పెట్టుకునేవి. ఏది ఏ కాలందో నాకు తెలిసి చావదు. కాస్త చూసిపెట్టు. అక్క ప్రాణం కూడా కుదుటపడుతుంది."

కొలతలాయన ఒక సీసా చేతిలోకి తీసుకున్నాడు. అంతే, మనిషి మారిపోయాడు.

అచ్చులో పోసిన సీసాకు పక్కన సన్నగా అతుకు గీత ఉంటుంది. ఆ గీత మూతి అంచు దాకా పోయిందంటే యంత్రం చేసింది. మెడ దగ్గరే మాయమైందంటే మూతిని ఎవరో చేత్తో తీర్చిదిద్దారు. అడుగున గరుకుగా మచ్చ తగిలితే, ఊదిన సీసాను కడ్డీ మీంచి విరిచిన గుర్తు. ఇవన్నీ ఆరు నెలల్లో ఆయన వేళ్లకు పట్టుబడ్డాయి. కళ్లు మూసుకుని, బొటనవేలితో తడిమి, ఈ సీసా నిన్నగాక మొన్న చేసిన నకిలీ అని చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు. ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు.

ఏడాది తిరిగేసరికి ఇంట్లో రెండువందల పన్నెండు సీసాలు చేరాయి. కిటికీల్లో, ఫ్రిజ్ నెత్తిన, బాత్‌రూమ్ అరలో, ఎక్కడ చూసినా అవే. మంచినీళ్లు తాగడానికి మాత్రం ఒక్క సీసా లేదు. చుట్టాలెవరైనా దాహమంటే ముందు ఒక సీసా చరిత్ర విని, ఆ తర్వాత వంటింట్లోకెళ్లి గ్లాసు వెతుక్కునేవాళ్లు. ఇదంతా వైభవం కాదంటారా?

ఇక ఆయన భార్య. దర్జీలకు దారాలు, బొత్తాలు, జిప్పులు అమ్మే దుకాణంలో ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. దర్జీ ఒక గుడ్డముక్క తెచ్చి కౌంటరు మీద పెడితే, ఒక్క చూపు చూసి, నాలుగువందల దారపుండల్లోంచి సరైన ఉండ తీసి చేతిలో పెడుతుంది. ఉండను వాకిట్లోకి పట్టుకెళ్లి వెలుతురులో పోల్చుకునే అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. అక్షరం కుదురుగా ఉంటుందని సీసాలకు చీటీలు రాసే పని కొలతలాయన ఆమెకే అప్పగించాడు. ఆమె రంగు పేరు రాయకుండా, దారాల కంపెనీ షేడ్ కార్డులో ఉండే నంబరు వేసేది. ఇది రెండువందల పద్నాలుగు, అది నూట డెబ్బై ఆరు. జీవితమంతా అంకెలతో గడిపిన మనిషికి ఆ పద్ధతి ఎంతగానో నచ్చింది. ఏ సీసాకు ఏ నంబరో కంఠతా పట్టేశాడు.

ఊళ్లో రంగుగాజు అభిమానుల సంఘం అని ఒకటుంది. దీపాల దుకాణం యజమాని దానికి అధ్యక్షుడు. కొలతలాయన తన సీసాలనే వారానికి కొన్ని అక్కడికి పట్టుకెళ్లేవాడు. తక్కిన నిపుణులు "ఇది ఒక రకమైన తేనెరంగు" అని నానుస్తుంటే, కొలతలాయన లేచి "రెండువందల పద్నాలుగు" అని కూర్చునేవాడు. సంఘం మంత్రముగ్ధమైంది. 'కొలతలాయన స్కేలు' పేరుతో చిన్న పుస్తకం అచ్చేయించారు. వెనక అట్ట మీద ఆయన ఫోటో కూడా వేశారు. ఆ నంబర్లు ఎక్కడివని ఎవరూ అడగలేదు. అడగడానికి అవేమన్నా సీసాలా?

ఆ ఊపులో సంఘంవాళ్లు హాలు తీసుకుని ప్రదర్శన పెట్టారు. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవచ్చు, వేదిక మీద కొలతలాయన దాన్ని చూసి వివరం చెబుతాడు. బయలుదేరేటప్పుడు భార్య అడిగింది.

"నేనూ రానా? ఇవాళ సెలవే."

"నువ్వెందుకే అక్కడికి? అన్నీ టెక్నికల్ మాటలు. కూర్చోలేవు."

వేదిక మీదికి వచ్చిన సీసాలకు చీటీలు లేవు. ఆ సంగతి కొలతలాయనకు వింతగా కూడా తోచలేదు. మొదటి పది సీసాలూ నీలివో తెల్లవో కావడంతో గండం గడిచింది. పదకొండోది ఒక పెద్దావిడ తెచ్చింది. ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. తువ్వాలులో చుట్టుకొచ్చిన చిన్న సెంటు సీసాను బల్ల మీద పెట్టింది.

కొలతలాయన కళ్లు మూసి తడిమాడు. అడుగున గరుకు మచ్చ, గాజులో రెండు బుడగలు, చేత్తో తీర్చిన మూతి. చాలా పాతదే. కళ్లు తెరిచి మైకులో చెప్పాడు.

"ముదురు పచ్చ. మందుల షాపుల్లో వాడేవాళ్లు. పాతదే గానీ ఈ రంగువి బోలెడు దొరుకుతాయి."

ఆ సీసా మాత్రం దానిమ్మగింజలాగా ఎర్రగా ఉంది. రెండొందల మంది చూస్తున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. పైగా ముందు వరుసలో ఒకాయన నెమ్మదిగా తల ఊపాడు. ఆయన్ని చూసి పక్కాయన ఊపాడు. అలా వెనక వరుసల దాకా వెళ్లింది ఆ తల ఊపు.

"ఎరుపు కదండీ అది?" అంది నర్సమ్మ.

అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. "అమ్మా, పైపైన చూసేవాళ్లకు ఎరుపులాగే ఉంటుంది. లోపల పచ్చ ఉంటుంది. ఆ పచ్చ కనబడాలంటే సాధన కావాలి. మీరు ఈమధ్య కళ్లు చూపించుకున్నారా?"

"పోయినేడు ఒక కంటికి శుక్లం తీశారు."

"అదీ సంగతి," అన్నాడు అధ్యక్షుడు. జనం హమ్మయ్య అనుకున్నారు.

నర్సమ్మ సీసాను బల్ల మీద ఆయన వైపు జరిపింది. "మా అమ్మది. ఇన్నాళ్లూ ఎరుపనే చూశాను. ఇంట్లో ఉంటే చూసినప్పుడల్లా భయమేస్తుంది. మీరే ఉంచుకోండి బాబూ," అని ఖాళీ తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

కొలతలాయన దాన్ని ఇంటికి తెచ్చి కిటికీలో పెట్టాడు. కాఫీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"అబ్బ, ఎంత ఎర్రగా ఉందండీ! ఎక్కడ దొరికింది?"

"ఎరుపేమిటి? పచ్చ కదా."

ఆమె కప్పు కింద పెట్టి, "ఆఁ, అవునండీ, పచ్చే," అంది.

కొలతలాయనకు అప్పుడు అనుమానం వచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఏ విషయంలోనూ అంత త్వరగా ఒప్పుకోలేదు.

"నిజం చెప్పు."

ఆమె పక్కన కూర్చుంది. "మీకు ఎరుపూ పచ్చా ఒక్కలాగే కనబడతాయండీ. పెళ్లైన మూడో వారంలోనే తెలిసింది. బాగా పండినవని చెప్పి కిలో పచ్చి టమాటాలు ఏరుకొచ్చారు. కూర పుల్లగా ఉందని మళ్లీ మీరే అలిగారు."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబితే ఏం చేసేవారు? అప్పట్నుంచి టమాటాలు నేను తెచ్చుకుంటున్నాను. అయిపోయింది."

"మరి ఆ నంబర్లు?"

"రంగు పేరు రాస్తే నాతో వాదిస్తారు. నంబరైతే వాదించరు."

కాఫీ చల్లారిపోయింది. కొలతలాయన్ని బాధించింది తన కళ్ల సంగతి కాదు. నర్సమ్మ ఖాళీ తువ్వాలు మడిచిన తీరు మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. సంఘంవాళ్లనడిగి చిరునామా సంపాదించేసరికి మూడు రోజులు పట్టింది. నాలుగోనాడు పొద్దున్నే సీసాను తన పాత చొక్కాలో చుట్టుకుని బయలుదేరాడు.

నర్సమ్మ తలుపు తీసింది. గదిలో ఉన్ని బంతులు ఒక సంచిలో కట్టేసి మూలకు తోసి ఉన్నాయి. పుట్టిన పిల్లలకు టోపీలు అల్లి ఆసుపత్రికి ఇస్తుంటుందట. ప్రదర్శన నుంచి వచ్చినప్పట్నుంచీ అల్లడం మానేసింది. బజారుకు కూడా వెళ్లలేదు.

"ఎరుపూ పచ్చా తేడా తెలియనిదాన్ని, సిగ్నలు చూసి రోడ్డు ఎలా దాటను బాబూ? గురువారం కళ్ల డాక్టరు రమ్మన్నాడు. రెండో కంటికి కూడా ఆపరేషన్ అంటాడేమో."

కొలతలాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చుట్టిన చొక్కా విప్పి సీసాను ఆమె ముందు పెట్టాడు.

"అమ్మా, మీ కళ్లు లక్షణంగా ఉన్నాయి. నావే బాగాలేవు. ఇది ఎర్రదే. మా ఆవిడ చెప్పింది. ఆవిడ చెబితే తిరుగులేదు. ఎర్ర గాజు ఇంత పాతది దొరకడం చాలా అరుదు. నన్ను క్షమించండి."

నర్సమ్మ సీసాను వెలుతురుకు ఎత్తి చూసుకుంది. గోడ మీద ఎర్రటి నీడ పడింది. దాన్ని చూసి ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత అనుమానంగా అడిగింది.

"మరి మీరు రోడ్డెలా దాటుతారు?"

"పక్కవాళ్లు కదిలితే నేనూ కదులుతానమ్మా."

"ఆ హాల్లో అందరూ అంతేనన్నమాట," అంది నర్సమ్మ, ఉన్ని సంచి ముడి విప్పుతూ.

అక్కణ్నుంచి కొలతలాయన తిన్నగా సంఘం ఆఫీసుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇక మీదట సీసాల రంగు తన భార్యను అడగమన్నాడు. అధ్యక్షుడు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

"మీకేమన్నా పిచ్చా? పుస్తకం అచ్చయింది. మొన్నట్నుంచి మన సభ్యులు తమ ఎర్ర సీసాలన్నిటికీ పచ్చ అని చీటీలు మార్చుకున్నారు. ఒకాయనకు లోపలి పచ్చ కనబడటం కూడా మొదలైంది. ఇప్పుడు కాదంటే ఎలా?"

"మా ఆవిడకు రంగులు బాగా తెలుసండీ. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం."

"ఏ సంస్థలో?"

"దారాల దుకాణంలో."

అధ్యక్షుడు జాలిగా నవ్వాడు. కానీ కొలతలాయన పట్టు వదల్లేదు. ఆమె రాకపోతే తాను వేదిక ఎక్కనన్నాడు. చివరికి సంఘం కార్యవర్గం రెండు గంటలు చర్చించి మధ్యేమార్గం కనిపెట్టింది. వచ్చే ప్రదర్శనలో ఆవిడకు ఒక బల్ల ఇస్తారు. సీసాల దుమ్ము తుడిచే పనికి.

అవమానంతో కొలతలాయన ముఖం కందిపోయింది. ఏ రంగులోకో ఆయనకు తెలియదనుకోండి. భార్య మాత్రం, "తుడుస్తాను, దానికేముంది? సీసాలు దగ్గరగా చూడొచ్చు కదా," అంది.

ప్రదర్శన రోజు ఆమె ఒక మెత్తటి గుడ్డతో బల్ల దగ్గర కూర్చుంది. మొదట నర్సమ్మ వచ్చి తన సీసా పెట్టింది. కొలతలాయన భార్య దాన్ని తుడిచి, "మూడువందల రెండు. ముదురెరుపు," అంది. పక్కనున్నవాళ్లు విన్నారు. ఒకాయన తన సీసా తెచ్చాడు. ఇంకొకరు తెచ్చారు. మధ్యాహ్నానికి వేదిక దగ్గర మైకు ఒంటరిదైపోయింది, తుడుపు బల్ల ముందు వరుస గుమ్మం దాటింది. లోపలి పచ్చ చూసినాయన కూడా అటూ ఇటూ చూసి వరుసలో చేరాడు. నిపుణులు కొంచెం దూరంగా నిలబడి, ఆమె అన్న నంబర్లన్నీ నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. కొలతలాయన ఆమె పక్కనే కుర్చీ వేసుకుని, సీసా వయసు తాను చెప్పి, రంగు కోసం ఆమెకు అందించాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం బావమరిది ఎప్పుడూ చూడలేదట.

సాయంత్రం సభలో అధ్యక్షుడు ఒక చారిత్రక తీర్మానం చదివాడు. శుభ్రంగా తుడవడం వల్ల సీసా అసలు రంగు బయటపడుతుందని సంఘం పరిశోధనలో తేలింది. ఇక నుంచి తుడవని సీసా రంగు చెల్లదు. ఈ విషయం కనిపెట్టినందుకు అధ్యక్షుడికి శాలువా కప్పారు. గుడ్డ ఎవరు పట్టుకున్నారన్నది తీర్మానంలో లేదు.

కాబట్టి పాఠకులారా, నిపుణుల మీద నమ్మకం సడలనివ్వకండి. మీ ఇంట్లో, మీ ఆఫీసులో కూడా చేతిలో గుడ్డతో ఓ పక్కన నిలబడే మనిషి ఒకరుంటారు. వాళ్లను మాత్రం పొరపాటున కూడా ఏమీ అడక్కండి. చెప్పేస్తారు.